మీ అబ్బాయి మా ఇంట్లో

లాండ్రీ పై గది,
ఆదివారం మధ్యాహ్నం

వదినగారికి నమస్కారాలు.

చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని మీరు ఆశ్చర్యపోతారు. ఈ సంగతి నోటితో చెప్పడం నావల్ల కాదు. పైగా కింద దుకాణంలో ఎప్పుడూ ఎవరో ఒకరు బట్టల మూటతో నిలబడి ఉంటారు. వెనక వాటాలో మీ అమ్మాయి ఉంటుంది. గోడలు పలచన.

మా అబ్బాయి ఫర్నిచర్ షోరూములో పని మానేశాడనీ, జీతం చాలక మానేశాడనీ మీకు చెప్పాం. అది నిజం కాదు. వాళ్లే తీసేశారు. వాడు ఫోన్లో పందేలు ఆడుతున్నాడు. బంతాట మీద పందెం, పేకల మీద పందెం, ఏమీ లేని రోజున వాన పడుతుందా పడదా అన్నదాని మీద కూడా. ఆడడానికి అప్పు, ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. అప్పిచ్చినవాళ్లు షోరూముకి ఫోన్లు చేసి యజమానిని నానా మాటలూ అంటుంటే ఆయన మాత్రం ఎన్నాళ్లు ఓర్చుకుంటాడు?

ఇప్పుడు నా దుకాణానికీ చేస్తున్నారు. మొన్న ఒక పెద్దాయన కోటు తీసుకోవడానికి వచ్చి, నేను లోపల ఉన్నానని మర్యాదకు ఫోనెత్తాడు పాపం. ఆయన ముఖం చూసి నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

దీనికొక దారి చూశాను. దుకాణంలో ఉన్న ఆవిరి ఇస్త్రీ మిషను అమ్మేస్తాను. కొనేవాడు దొరికాడు. నాకు చేతి ఇస్త్రీ పెట్టె చాలు, ఆయన పోయిన కొత్తలో దాంతోనే కదా వాణ్ని చదివించాను. వాడు ఇక ముట్టనని నా తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. మీ అమ్మాయి నాతో ముభావంగా ఉంటోంది. పిల్లను తీసుకుని మీ దగ్గరికి వచ్చేస్తుందేమోనని నా భయం. మీరు తల్లి, నచ్చజెప్పండి. వాడు చెడ్డవాడు కాదు వదినగారూ.

ఇట్లు,
మీ వియ్యపురాలు


మొక్కల నర్సరీ,
గురువారం

వదినగారికి,

ఉత్తరం అందింది.

మీరు రాసినదాంట్లో నాకు కొత్తదేమీ లేదు. అమ్మాయి నాకు ఎప్పుడో చెప్పింది. మీరు ఎప్పుడు చెప్తారా అని ఎదురుచూస్తున్నాను. చెప్పారు, సంతోషం. కానీ అమ్మాయి చెప్పిన ఒక సంగతి మీ ఉత్తరంలో కనపడలేదు. అది రక్తపరీక్షల ల్యాబులో పొద్దస్తమానం నిలబడి సంపాదిస్తుంటే, దాని పేరు మీద, దానికి తెలియకుండా అల్లుడు అప్పు తీశాడు. ఇది మీకు తెలియదా? తెలిసీ నీళ్లు నమిలారా?

ఒట్టు వేశాడన్నారు. ఇది ఎన్నో ఒట్టు?

మా ఆయన సంగతి మీకు తెలుసుగా, మనుషులకన్నా మొక్కలతోనే ఎక్కువ మాట్లాడతారు. ఇది విన్న దగ్గర్నుంచి మొక్కలతో కూడా మాట్లాడడం లేదు.

చెడ్డవాడు కాదన్నారు. కాకిపిల్ల కాకికి ముద్దు. నా పిల్ల నాకు ముద్దు. అందుకని దానికి ఏమని నచ్చజెప్పాలో నాకు తోచడం లేదు. తోచినప్పుడు రాస్తాను.

ఇట్లు


లాండ్రీ పై గది,
బుధవారం

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి రెండు రోజులు మీమీద కోపంగా తిరిగాను. మూడోరోజు చూసుకుంటే అది మీమీద కాదని తెలిసింది.

ఇది మూడో ఒట్టు. మొదటిసారి నా గాజులు పోయాయి. రెండోసారి ఆయన పేరు మీద బ్యాంకులో ఉన్నది పోయింది. రెండుసార్లూ మీ అమ్మాయికి చెప్పొద్దని వాడు బతిమాలితే సరేనన్నాను. అమ్మాయి పేరు మీద అప్పు ఉందన్నది మాత్రం నిజంగా నాకు తెలియదు. నమ్మండి.

మిషను కొనేవాడు సోమవారం వచ్చాడు. అప్పటికే అప్పు వసూలు మనిషి ఒకడు బల్లమీద బైఠాయించి ఉన్నాడు. మంచి మాటకారి. గట్టిగా అరవడు, కదలడు. వచ్చినవాళ్లందరికీ "ఈ అమ్మగారి అబ్బాయి మాకు బాకీ అండీ" అని పెళ్లి పిలుపులా చెప్తాడు. మధ్యలో నా దగ్గరికి వచ్చి, "అమ్మగారూ, ఈ కాలరు మీద మరక పోతుందంటారా?" అని తన చొక్కా చూపించాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోతుందనే చెప్పాను.

కొనేవాడు మిషను చుట్టూ తిరిగి, పైపులు తట్టి చూసి, బేరం మొదలుపెట్టాడు. అంతలో మీ అమ్మాయి ల్యాబు నుంచి వచ్చింది. సంచి కింద పెట్టలేదు. వచ్చి మిషనుకు అడ్డంగా నిలబడింది.

"అత్తయ్యా, దీన్ని అమ్మితే నేను పాపను తీసుకుని వెళ్లిపోతాను."

"అమ్మకపోతే వాణ్ని బతకనివ్వరే!"

"మీరు అప్పు తీర్చిన ప్రతిసారీ ఆయనకు మళ్లీ అప్పు పుడుతోంది. చిల్లుకుండలో ఎంతని పోస్తారు? ఈసారి మిషను. తర్వాత ఇల్లు. ఆ తర్వాత?"

వసూలు మనిషి కూడా తలూపాడు వదినగారూ, నా ఒట్టు. బాకీ మనిషే తలూపిన తర్వాత నేనేం మాట్లాడను?

కొనేవాణ్ని పంపేశాను. సాయంత్రం అబ్బాయి వస్తే గుమ్మంలోనే నిలబెట్టి, "అమ్మాయీ పాపా ఇక్కడ ఉంటారు. నువ్వు వేరే చోటు చూసుకో" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. వాడు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. పాత స్నేహితుడి గదిలో ఉన్నాడని విన్నాను. ఆ స్నేహితుడూ ఇదే ఆటలో ఉన్నవాడు. తరిమేసి తప్పు చేశానా? ఉంచుకుంటే తప్పయ్యేదా?

మీరు నన్ను ఏమన్నా అనండి, కానీ జవాబు రాయండి.

మీ వదిన


మొక్కల నర్సరీ,
శనివారం

వదినగారికి,

అతన్ని ఇక్కడికి పంపండి.

నేను దయతో అనడం లేదు, తొందరపడి దండం పెట్టకండి. ఆ స్నేహితుడి గదిలో ఉంటే అప్పు పెరుగుతుంది, దాంట్లో సగం నా కూతురి మెడకు చుట్టుకుంటుంది. మీ ఇంట్లో ఉంటే మీ గుండె కరుగుతుంది. మీరు తల్లి, మీ చెయ్యి ఊరుకోదు. నేను అత్తను. నా చెయ్యి ఊరుకుంటుంది. పిల్లికి బిచ్చం పెట్టనని ఈ వీధిలో నాకు పేరుంది, కనుక్కోండి.

మాట్లాడుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని ఫోను ఒకటి ఇస్తాను. మొక్కల పని చెయ్యాలి. కూలి అతని చేతికివ్వను, అమ్మాయికి పంపుతాను, అది బాకీలకు కట్టుకుంటుంది. ఇక్కడ లైబ్రరీ మేడమీద ఇలాంటి వ్యసనం ఉన్నవాళ్లు వారం వారం కూర్చుని మాట్లాడుకుంటారట, వాళ్లకు ఒక డాక్టరమ్మ కూడా ఉంది. అక్కడికి వెళ్లాలి. ఇష్టమైతే రమ్మనండి. నేను బతిమాలను.

మా ఆయన "ఇల్లరికమా?" అన్నారు. ఈ నెలలో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.


లాండ్రీ,
మంగళవారం

వదినగారూ,

బస్సెక్కించాను. టిక్కెట్టు నేనే కొన్నాను, డబ్బు చేతికివ్వలేదు. చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి పెట్టాను. మట్టిపనికి ఇస్త్రీ చొక్కాలెందుకని మీ అమ్మాయి అంది. నిజమే. నా చేతనయింది అదొక్కటే మరి.

వాడికి తలగడ ఎత్తుగా ఉంటే మెడ పట్టేస్తుంది. మీరు పట్టించుకోనవసరం లేదు, ఊరికే రాశాను.


మొక్కల నర్సరీ,
వానలు మొదలయ్యాయి

వదినగారికి నమస్కారం.

మీ అబ్బాయి మా ఇంట్లో క్షేమం. తలగడ తీసేసి దుప్పటి మడతపెట్టి ఇచ్చాను.

మొదటివారం ఏ పనీ చేతకాలేదు. నారుకు నీళ్లు పెట్టమంటే కాలవ పారించాడు, లేతమొక్కలన్నీ తేలాయి. కుండీలు మొయ్యమంటే ఒక్కొక్కటీ పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్తాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. మందు ఇచ్చాను, సెలవివ్వలేదు.

మాటిమాటికీ చెయ్యి జేబులోకి పోతుంది. అక్కడ ఏమీ లేదని తెలిసి బయటికి వస్తుంది. అది చూడడం కష్టంగా ఉంది. నాకే కష్టంగా ఉంటే మీకెలా ఉంటుందో అనుకున్నాను.

లైబ్రరీకి మొదటిసారి నేనే వెంట వెళ్లి మెట్ల దగ్గర కూర్చున్నాను. దిగి వచ్చాక, "అందరూ నాలాగే అబద్ధాలు చెప్పేవాళ్లే అత్తయ్యా. ఒకడు చెప్పబోయేది ఇంకొకడికి ముందే తెలిసిపోతోంది" అన్నాడు. ఇన్నాళ్లలో అతని నోట నేను విన్న మొదటి నిజం అది కావచ్చు.

పక్క దుకాణం ఆవిడ "అల్లుణ్ని తెచ్చి కూలీగా పెట్టుకున్నావా?" అని ముక్కున వేలేసుకుంది. "నీ అల్లుణ్ని కూడా పంపు, గులాబీలకు ఎరువు వెయ్యాలి" అన్నాను. మళ్లీ అడగలేదు.

మా అమ్మాయి ఎలా ఉంది? ఫోన్లో "బాగున్నానమ్మా" అంటుంది. ఆ మాట నేను నమ్మను. మీరు రాయండి.


లాండ్రీ పై గది,
ఆదివారం

వదినా,

గారు వదిలేశాను, ఏమనుకోకండి.

మీ అమ్మాయి బాగా లేదు, కానీ నిలబడి ఉంది. ల్యాబు నుంచి వచ్చి సాయంత్రాలు దుకాణంలో కూర్చుంటోంది. ఉచితంగా సలహా చెప్పే లాయరు ఒకాయన దగ్గరికి వెళ్లి, ఆయన్ని తీసుకెళ్లి అప్పులవాళ్లతో మాట్లాడింది. తన పేరు మీద తీసినదానికి ఫిర్యాదు ఇచ్చింది. మిగతావాటికి నెలనెలా ఇంత అని ఒప్పించింది. వసూలు మనిషి ఇప్పుడు బల్లమీద కూర్చోవడం లేదు. చొక్కాలు మాత్రం ఇక్కడే వేస్తున్నాడు.

పాపకు నాన్న మొక్కల పనిమీద వెళ్లాడని చెప్పింది. అది ఒప్పుకోలేదు. "నాన్న అబద్ధాలాడాడు కాబట్టి అమ్మమ్మ దగ్గర కూర్చోబెట్టారు, నాకు తెలుసు" అంది. పిచ్చుకంత ఉంటుంది, దానికి తెలియనిది లేదు.

మీ అమ్మాయి నవ్వి చాలా రోజులైంది. మొన్న నేను నడుం నొప్పని మూలుగుతుంటే వచ్చి నూనె రాసింది. నా కడుపున పుట్టినవాడు దాన్ని ఇంత బాధపెట్టాడు, అది నా నడుముకు నూనె రాస్తోంది. కళ్లు మూసుకుని పడుకున్నాను.

వాడు ఎలా ఉన్నాడో రాయండి. మంచి ఒక్కటే రాయకండి.


మొక్కల నర్సరీ

వదినా,

అంతా మామూలే. వాన తగ్గింది. హోటలు వాళ్లు వరండాకు పెట్టుకోవడానికి పెద్ద కుండీలు చాలా తీసుకున్నారు, మీ అబ్బాయే బండిలో వెళ్లి దింపి వచ్చాడు. పని నేర్చుకుంటున్నాడు. పని తొందరలో ఎక్కువ రాయలేకపోతున్నాను.

పాపకు ముద్దులు.


లాండ్రీ పై గది,
సోమవారం సాయంత్రం

వదినా,

మీ పొట్టి ఉత్తరం చూసినప్పుడే మనసు కీడు శంకించింది. ఈరోజు వాడు దుకాణానికి ఫోను చేశాడు.

హోటలువాళ్లిచ్చిన డబ్బు మీకు ముట్టలేదట. బండి డ్రైవరు ఫోను అడిగి తీసుకుని, పక్కన కూర్చుని, ఒక్క మధ్యాహ్నంలో ఆడేశాడట. హోటలువాళ్లు ఇంకా ఇవ్వలేదని మీకు చెప్పాడట.

"అమ్మా, ఒక్కసారి సర్దు. ఇదే ఆఖరు. అత్తయ్యకి తెలిసేలోపల పెట్టేస్తాను. తెలిస్తే గెంటేస్తుంది."

"తెలిస్తే తెలియనీ నాన్నా."

"నేనెక్కడికి పోతానమ్మా?"

నేను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాను.

"నీకు నామీద ప్రేమ లేదు."

"ఉందిరా. డబ్బు లేదు."

వదినా, డబ్బు ఉంది. పైకప్పు కారుతోందని కూడబెట్టింది. బీరువాలో దుప్పటి మడతలో ఉంది. నేను మాట్లాడుతున్నంతసేపూ మేడ మెట్ల వైపే చూస్తున్నాను. వాడు ఏడుస్తున్నాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే ఏడ్చినట్టే ఏడ్చాడు, ఆ గొంతు మారలేదు.

"తిన్నావా?" అని అడిగాను. తినలేదన్నాడు. "వెళ్లి తిను. తిని, మీ అత్తయ్యకు నువ్వే చెప్పు. నేను ఇవాళ ఉత్తరం రాసి డబ్బాలో వేస్తున్నాను. అది చేరేలోపల నువ్వు చెప్తే నీ నోటితో చెప్పినట్టు. లేకపోతే నా చేత్తో చెప్పినట్టు. నీ ఇష్టం" అన్నాను. ఫోను పెట్టేశాడు.

తర్వాత ఒక దుప్పటిని ఎన్నిసార్లు ఇస్త్రీ చేశానో నాకు తెలియదు. మీ అమ్మాయి వచ్చి ప్లగ్గు పీకింది.

మీ డబ్బు పోయింది. నన్ను క్షమించమని అడగను, ఆ మాటకు ఇప్పుడు విలువ లేదు. వాణ్ని ఉంచుకుంటారో పంపేస్తారో మీ ఇష్టం. వాడు క్షేమమో కాదో, అది మాత్రం వెంటనే తెలియజెయ్యండి.


మొక్కల నర్సరీ,
శుక్రవారం

వదినా,

క్షేమం. ఫోన్లో అమ్మాయికి చెప్పిన మాటే మీకు చేరి ఉంటుంది. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

నాకు హోటలు సంగతి ముందే తెలుసు. వాళ్లకే ఫోను చేసి కనుక్కున్నాను. అత్త సొమ్ము అల్లుడి దానం అంటారు చూడండి, అది మా ఇంట్లో నిజమయింది. కావాలనే మీకు రాయలేదు. రాస్తే ఎక్కడ దాచిందో అక్కణ్నుంచి తీసి మీరు పంపేస్తారని. వదినా, మిమ్మల్ని తక్కువ అంచనా వేశాను. నా చెయ్యి ఊరుకుంటుందని గొప్పలు పోయాను గానీ, నాది కన్నకడుపు కాదు, ఊరుకోవడంలో గొప్పేముంది? మీ చెయ్యి ఊరుకుంది.

అతను ఏం చెప్తాడా అని నేను చూస్తున్నాను. మీకు ఫోను చేసిన సాయంత్రం భోజనానికి రాలేదు. వెతికితే కనపడలేదు. నేనే తప్పు చేశానేమో, తెలిసినప్పుడే అడిగేయాల్సిందేమో అనుకున్నాను. మా ఆయన బండి తీసుకుని వెళ్లారు. అల్లుడు వచ్చిన దగ్గర్నుంచి ఆయన అతనితో మాట్లాడలేదని మీకు రాయలేదు కదూ? ముఖం కూడా చూసేవారు కాదు.

బస్టాండులో బల్లమీద కూర్చుని ఉన్నాడట. వెళ్లడానికి డబ్బు లేదు, రావడానికి ముఖం లేదు. మా ఆయన పక్కన కూర్చున్నారట. చాలాసేపు కూర్చుని, "మబ్బు పట్టింది. లేతనారు లోపల పెట్టాలి. నేనొక్కణ్నీ మొయ్యలేను" అన్నారట. ఇద్దరూ వచ్చి, తడుస్తూ నారంతా లోపల పెట్టారు.

అప్పుడు అబ్బాయి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అత్తయ్యా, హోటలువాళ్లు డబ్బిచ్చేశారు. నేను ఆడేశాను. మీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"తెలిసీ ఎందుకు అడగలేదు?"

"నువ్వు చెప్తావని."

"చెప్పకపోతే?"

"ఇంకా చూస్తూ ఉండేదాన్ని. ముందు తల తుడుచుకో."

గెంటెయ్యలేదు వదినా. కానీ ఊరికే వదల్లేదు. డబ్బు చేతికొచ్చే పని ఇక ఇవ్వనని చెప్పాను. డాక్టరమ్మ కూడా అదే అంది. ఇలా జారిపడడం ఉంటుందట, దాచకుండా చెప్పినప్పుడే లెక్కలోకి వస్తుందట. వారానికి రెండుసార్లు రమ్మంది.

మీ ఉత్తరం నిన్న వచ్చింది. పోస్టతను గేటు దగ్గర అబ్బాయి చేతికే ఇచ్చాడు. మీ చేతిరాత గుర్తుపట్టకుండా ఉంటాడా? విప్పకుండా తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "ఇందులో ఉన్నది మీకు నేను చెప్పేశానత్తయ్యా" అన్నాడు.


లాండ్రీ పై గది,
వాన వెలిసింది

వదినా,

మీరు దాచింది చెప్పారు కాబట్టి నేను దాచింది చెప్తాను. నెలన్నర కింద మీ అమ్మాయి విడాకుల కాగితాలు రాయించుకుంది. నాతో చెప్పే వెళ్లింది. "మీరు కూడా వస్తారా అత్తయ్యా?" అంటే వెళ్లాను. అది లోపల మాట్లాడుతుంటే పాపను ఒళ్లో పెట్టుకుని బయట కూర్చున్నాను. మీకు చెప్పొద్దని అది అనలేదు, నాకే రాయబుద్ధి కాలేదు. రాస్తే నిజమైపోతుందనిపించింది.

మీ ఉత్తరం దానికి చదవమని ఇచ్చాను. బస్టాండు సంగతి దగ్గర ఆగిపోయి, అక్కడే మళ్లీ మళ్లీ చదివింది. "మా నాన్న మాట్లాడాడా!" అంది. తర్వాత, "కాగితాలు అలాగే ఉంటాయి అత్తయ్యా. ఇప్పుడు సంతకం పెట్టను, అలాగని చింపను. నెలకోసారి వచ్చి పాపను చూడమనండి. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోవాలి" అంది.

అంతకన్నా నేనేమీ అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. పంపండి.


లాండ్రీ పై గది,
సోమవారం

వదినా,

మీ అల్లుడు నిన్న వచ్చి వెళ్లాడు. మీరు పంపిన మొక్క ఇంటికి చేరేసరికి వాడిపోయింది, నీళ్లు పోస్తే లేచింది.

వాణ్ని చూసి గుర్తుపట్టలేకపోయాను. నల్లబడ్డాడు, భుజాలు వచ్చాయి. గోళ్లనిండా మట్టి. పాప మొదట తలుపు వెనక నిలబడి చూసింది. తర్వాత వచ్చి, "అబద్ధాలు మానేశావా?" అని అడిగింది. వాడు మోకాళ్ల మీద కూర్చుని, "మానుతున్నానమ్మా. ఇంకా పూర్తిగా రాలేదు" అన్నాడు. అది కాసేపు ఆలోచించి, "ఎక్కాలు నాకూ పూర్తిగా రాలేదు" అని చెయ్యి పట్టుకుంది.

మీ అమ్మాయి వంట చేసింది. వడ్డించింది. పక్కన కూర్చోలేదు, ఎదురుగా కూర్చుంది. ఎక్కువ మాట్లాడుకోలేదు. అమ్మాయి పేరు మీది అప్పు గురించి మాత్రం వాడు తనంతట తానే ఎత్తి, "దానికి నేను ఏ శిక్ష పడినా ఒప్పుకుంటాను" అన్నాడు. అది "చూద్దాం" అంది. ఆ "చూద్దాం" లో ఏముందో నాకు తెలియదు. మీకు తెలుస్తుందేమో, మీ కూతురు కదా.

మధ్యాహ్నం దుకాణంలో నేనొక్కదాన్నే ఉన్నాను. వాడు వచ్చి, "అమ్మా, నువ్వు పైకి వెళ్లి కాసేపు నడుం వాల్చు. నేను చూసుకుంటాలే" అన్నాడు. ఆ మాటకు నా ప్రాణం లేచి వచ్చింది. సరేనని మెట్ల దాకా వెళ్లాను.

"అమ్మా!" అని పిలిచాడు.

వెనక్కి తిరిగితే గల్లాపెట్టె తాళం వేసి, తాళంచెవి పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇది ఇక్కడ వదిలెయ్యకు. తీసుకెళ్లు" అన్నాడు.

తల్లిని కదా వదినా. "ఫరవాలేదులేరా, ఉండనీ" అన్నమాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. చెయ్యి చాచాను. వాడు నా అరచేతిలో పెట్టి, తిరిగి వెళ్లి మూటలు విప్పడం మొదలుపెట్టాడు.

సాయంత్రం బస్సెక్కాడు. ఈపాటికి మీ ఇల్లు చేరి ఉంటాడు. పొద్దున్నే నిద్ర లేపండి.

మీ వదిన